షటిల్ కిట్టూ షుగర్ బిళ్లా

35 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న తెలుగు గృహస్థులకు ఇవాళ రెండు పనులు ఒకే కాలంలో వచ్చి పడుతున్నాయి. ఒకటి పిల్లల్ని ఆటలకు తిప్పడం. రెండోది తల్లిదండ్రుల్ని ఆసుపత్రులకు తిప్పడం. వెనకటి తరంలో ఈ రెండూ ఇంతగా కలిసేవి కావు. పిల్లల ఆటకు వీధి చాలేది, అందులో పెద్దల పని ఏమీ ఉండేది కాదు. ఇక చాలామంది తాతలు మనవల చదువు చూడకముందే వెళ్లిపోయేవారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గరే ఉండేది. పసిబిడ్డల మరణాలు ఎక్కువ కాబట్టి ఆ సగటు అంత కిందికి దిగిందన్నది నిజమే అయినా, ఇప్పటి 70 ఏళ్లతో పోలిస్తే తేడా చిన్నది కాదు.

2011 జనగణన నాటికి దేశంలో 60 దాటినవారు సుమారు 10.4 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2050 నాటికి వీరు 34.7 కోట్లవుతారు, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. మరోవైపు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కలో ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. నలుగురైదుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకున్న బరువు ఇప్పుడు ఒకరిద్దరి మీదే నిలుస్తోంది. ఆ ఇద్దరిలో ఒకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే మిగిలేది ఒక్కరే. ఇలాంటి ఇళ్లల్లో డబ్బు సంగతి తర్వాత, ముందు కొరవడేది తీరిక.

తెల్లవారుజాము ఆట

హైదరాబాద్‌లో క్రికెట్ తర్వాత చాలా ఇళ్లకు గుర్తొచ్చే ఆట షటిల్. కారణం వెతకనక్కర్లేదు. 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచిన ఆల్ ఇంగ్లండ్ టైటిల్‌ను 2001లో పుల్లెల గోపీచంద్ మళ్లీ దేశానికి తెచ్చారు. 2008లో గచ్చిబౌలిలో ఆయన అకాడమీ తెరుచుకుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం, 2019లో ఆమెకే ప్రపంచ చాంపియన్‌షిప్, ఆ తర్వాత టోక్యోలో కాంస్యం. ఈ వరుస చూశాక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆడుకునే పిల్లవాడి చేతిలోని రాకెట్ కూడా తల్లిదండ్రులకు వేరేగా కనిపించడం సహజమే.

ఆ పతకాల వెనక ఇంటివాళ్ల శ్రమ చాలా ఉంది. హర్యానా నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సైనా తండ్రి, తెల్లవారకముందే కూతుర్ని స్కూటర్ మీద లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లేవారు. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, తండ్రి రమణ అర్జున అవార్డు గ్రహీత. మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ ప్రయాణం ఆ ఇంటి దినచర్యలో భాగమైంది. నిజామాబాద్‌లో బాక్సర్ నిఖత్ జరీన్‌ను మొదట కలెక్టరేట్ మైదానానికి తీసుకెళ్లింది తండ్రే. కోనేరు అశోక్ ఉద్యోగం మానుకుని కూతురు హంపికి చదరంగం నేర్పించారు. 2002లో 15 ఏళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లి అయిన తర్వాత, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌గా నిలిచిన హంపి, తను టోర్నమెంట్లకు వెళ్లినప్పుడు కూతుర్ని తన తల్లిదండ్రులే చూసుకుంటారని చెప్పింది. అంటే కూతురి ఆట కోసం ఉద్యోగం వదిలిన మనిషి పాతికేళ్ల తర్వాత మనవరాలిని చూసుకుంటూ అదే ఆటకు కాపుగా ఉన్నాడు.

ఇవన్నీ గెలిచిన ఇళ్ల కథలు. అంతే శ్రమపడి జిల్లా స్థాయి దగ్గర ఆగిపోయిన ఇళ్లు ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, వాటి కథలు పత్రికల్లోకి రావు. కాబట్టి పిల్లను కోచింగ్‌లో చేర్పించేటప్పుడు ఇంట్లో తేల్చుకోవలసిన మొదటి సంగతి, ఈ ఆట ఒంటికా, పతకానికా అన్నది. ఒంటికే అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత సులువైనదే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేంత కదలిక ఉంటే చాలు. దానికి నెలనెలా వేలు పోయక్కర్లేదు. జీహెచ్ఎంసీ ఏటా పెట్టే వేసవి శిబిరాలు, కాలనీ మైదానం, బడి పీఈటీ సారు, తాడాట కూడా ఆ లెక్కలోకి వస్తాయి. కాకపోతే చాలా కార్పొరేట్ బడులకు మైదానమే లేదు, పీఈటీ పీరియడ్‌ను లెక్కల సారు అరువు తీసుకోవడమూ మామూలే.

పతకానికే అయితే ఖర్చు రాకెట్‌తో ఆగదు. ఈకల షటిల్‌లో 16 ఈకలుంటాయి, బరువు 5 గ్రాములు అటూఇటూ. గట్టిగా కొట్టేవాళ్ల చేతిలో అది ఒకటి రెండు గేముల్లోనే పాడవుతుంది. బూట్లు, రాకెట్ తీగల గట్టింగ్, వేరే ఊళ్లల్లో టోర్నమెంట్లు, తోడు వెళ్లేవారి సెలవులు దీనికి తోడు. మొదటి ఏడాది నైలాన్ షటిల్‌తో నేర్చుకుంటే లోటేమీ రాదు. కొత్తగా చేరిన పిల్లకు ఖరీదైన రాకెట్ కొనడం తల్లిదండ్రుల సంతోషానికే తప్ప ఆటకు కాదు. ప్రభుత్వం భరించే దారీ ఉంది. హకీంపేటలోని తెలంగాణ స్పోర్ట్స్ స్కూల్‌లో నాలుగో తరగతి నుంచి ప్రవేశాలుంటాయి, పరుగు, దూకడం, మెడిసిన్ బాల్ విసరడం లాంటి పరీక్షల్లో నెగ్గినవారిని తీసుకుని చదువు, భోజనం, శిక్షణ ఒకేచోట ఇస్తారు.

ఎముకలు ముదరకముందు

పదేళ్ల పిల్లవాడు చిన్న సైజు పెద్దవాడు కాదు. ఎదిగే ఎముకల చివర్లలో మెత్తటి పొర ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. అమ్మాయిల్లో దాదాపు 14–16 ఏళ్లకు, అబ్బాయిల్లో 16–18 ఏళ్లకు అది గట్టిపడుతుంది. అంతకుముందు రోజూ అదే దూకడం, అదే మలుపు, అదే భుజం మీద దెబ్బ పడితే ఆ పొర దగ్గర నొప్పి మొదలవుతుంది. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పెట్టడం, పొద్దున్నే మడమ నేలకు ఆనించలేకపోవడం 10–15 ఏళ్ల ఆటగాళ్లలో తరచూ కనిపిస్తాయి. కొన్ని వారాలు ఆట తగ్గిస్తే ఎక్కువ భాగం తగ్గిపోయేవే ఇవి. నొప్పి బిళ్ల వేసి టోర్నమెంట్‌కు పంపితేనే ముదురుతాయి.

పిల్లల వైద్యులు చెప్పే ఒక లెక్క ఇంట్లో ఎవరైనా వేయగలిగినది. వారానికి కోచింగ్ గంటలు పిల్ల వయసును దాటకూడదు. పదేళ్ల పిల్లకు వారానికి 10 గంటలు మించితే గాయాలు పెరుగుతాయి. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఏడాదిలో కొన్ని నెలలు వేరే ఆట ఉండాలి. ఒకే ఆటకు కట్టుబడడం 15 ఏళ్లు వచ్చేదాకా వాయిదా వేసుకోవచ్చు. జిమ్నాస్టిక్స్ లాంటి ఒకటి రెండు ఆటలు దీనికి మినహాయింపు. తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం మరో రెండు గంటలు, వారానికి ఆరు రోజులు అనే పట్టికను ఈ లెక్కలో పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నిద్ర అంతకన్నా కచ్చితమైన సంగతి. 6–12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13–18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు కావాలి. ఐదింటికి కోర్టులో ఉండవలసిన పన్నెండేళ్ల పిల్ల రాత్రి ఏడున్నరకే పడుకోవాలి. ఏ తెలుగింట్లోనూ అది జరగదు, హోంవర్కే తొమ్మిది దాకా సాగుతుంది. అందుకని ఉదయం కోచింగ్‌కూ సాయంత్రం కోచింగ్‌కూ మధ్య ఏదో ఒకటి వదులుకోవడమే మేలు. తిండి దగ్గర ఖరీదైన ప్రొటీన్ పొడుల కన్నా ముందు చూడవలసింది రక్తం. దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రెండో గేమ్‌కే కాళ్లు లాగేసే అమ్మాయికి సోమరితనం అంటగట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. కోడిగుడ్డు, పప్పు, తోటకూర, రాగి జావ, వేరుశనగ ఉండలు ఆ వయసు ఆటకు సరిపోతాయి.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఎక్కువ ఇళ్లల్లో కిట్టు అటక ఎక్కుతుంది. పదో తరగతి, ఆ తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ. ఇంటర్‌లో హాస్టల్‌కు వెళ్తే రెండేళ్లపాటు కదలికే ఉండదు. అమ్మాయిల ఆట ఇంకా ముందే ఆగుతుంది, రజస్వల అయ్యాక చీకటి వేళ కోచింగ్‌కు పంపడానికి ఇంట్లో పెద్దలు వెనకాడతారు. పోటీలు మానినంత మాత్రాన ఆట మానక్కర్లేదన్న సంగతి ఈ దశలో ఎవరికీ గుర్తుండదు. రోజుకు నాలుగు గంటలు లేదంటే సున్నా, రెండే పద్ధతులు మిగులుతాయి.

బిళ్లల డబ్బా

పెద్దవాళ్ల వైపు వస్తే, ఇంట్లో 60 దాటినవారికి బీపీయో షుగరో రెండూనో ఉన్నాయని అనుకుని మొదలుపెడితే పొరపాటయ్యే అవకాశం తక్కువ. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు. వయోజనుల్లో 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది.

బిళ్లలు వేసుకోకపోవడం ఒక సమస్యయితే, రెండుసార్లు వేసుకోవడం ఇంకో సమస్య. ఊళ్లో డాక్టరు రాసిన బీపీ బిళ్ల, కొడుకు దగ్గరికి సిటీకి వచ్చాక ఇంకో డాక్టరు రాసిన బీపీ బిళ్ల పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. స్ట్రిప్పు మీద పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాకుండా చిన్నక్షరాల్లో ఉండే మందు పేరు చదవడం దీనికి విరుగుడు. ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ, ఆయుర్వేదం పొడులూ నొప్పి మాత్రలూ సహా, ఒక సంచిలో వేసుకుని ఆరు నెలలకోసారి ఒకే డాక్టరుకు చూపిస్తే సగం చిక్కులు తీరతాయి. ఆ సంచిలో ఎక్కువ కీడు చేసేది తరచూ మోకాళ్ల నొప్పికని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లే. వాటిలో చాలావి బీపీని పెంచుతాయి, మూత్రపిండాల మీద పడతాయి.

షుగర్ ఎక్కువవడం గురించి అన్ని ఇళ్లల్లో భయం ఉంది. తక్కువవడం గురించి అంత లేదు. పెద్ద వయసులో ఆ రోజుకారోజు ప్రమాదం తెచ్చేది అదే. గ్లిమెపిరైడ్ రకం బిళ్ల వేసుకుని, లేదా ఇన్సులిన్ తీసుకుని, కార్తీక సోమవారమనో ఏకాదశి అనో రోజా అనో పస్తుంటే షుగర్ 70 కిందికి దిగుతుంది. చెమటలు, వణుకు, తడబాటు మాట, చిరాకు, అయోమయం కనిపిస్తాయి. మధ్యాహ్నం వేళ ఇంట్లో ఒంటరిగా ఉన్న నాయనమ్మకు ఇది వస్తే గుర్తించేవారుండరు, గుర్తించినా వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. తాగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం మానమని పెద్దలకు చెప్పడం కన్నా, ఆ రోజుకు బిళ్ల మోతాదు ఎలా మార్చాలో ముందే డాక్టరును అడిగి ఉంచడం జరిగే పని. బలహీనంగా ఉన్న పెద్దలకు మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7 శాతం కాకుండా 8 శాతం లోపు ఉన్నా చాలని వైద్యులే సడలించడానికి కారణం ఈ ప్రమాదమే.

బీపీ చూసుకునే యంత్రం ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఉంది, చూసే పద్ధతి మాత్రం తక్కువ ఇళ్లల్లో ఉంది. ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. రెండుసార్లు చూసి సగటు రాసుకోవాలి. బీపీ ఎక్కువ అనడానికి ఆసుపత్రిలో 140/90 గీత అయితే ఇంట్లో 135/85. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే అన్నీ కలిపి చెంచాడు లోపు. ఆవకాయ, అప్పడం, వడియం ఉన్న పళ్లెంలో ఆ చెంచా మొదటి వాయికే అయిపోతుంది. ఊరగాయ పూర్తిగా మాన్పించిన ఇళ్లల్లో పెద్దలు దొంగతనంగా తినడం మొదలుపెడతారు. జాడీ బల్ల మీది నుంచి తీసేసి వారానికి రెండు రోజులని ఒప్పందం చేసుకున్న ఇళ్లల్లోనే అది నిలబడుతోంది.

తూలి పడడం అన్నిటికన్నా ఖరీదైన ప్రమాదం. తుంటి ఎముక విరిగిన మనిషి మళ్లీ మునుపటిలా తిరగడం అందరి విషయంలోనూ జరగదు. నీళ్లు నిలిచే బాత్రూం గచ్చు, రాత్రి మూత్రానికి లేచినప్పుడు చీకటి, జారే రబ్బరు చెప్పులు, శుక్లాలు ముదిరిన కళ్లు, పడుకున్నవారు ఒక్కసారిగా లేచినప్పుడు బీపీ పడిపోవడం దీనికి కారణాలు. గోడకు పట్టుకునే కడ్డీ, గరుకు టైల్స్, మంచం పక్కన చిన్న దీపం పెట్టడానికి అయ్యే ఖర్చు పిల్లవాడి ఒక టోర్నమెంట్ ఖర్చుకు మించదు. ఇంకో ఉపాయం కాళ్ల బలం. 65 దాటినవారికి వారానికి 150 నిమిషాల నడకతో పాటు, మూడు రోజులైనా నిలకడ పెంచే వ్యాయామం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం అందులో ఒకటి. మనవడిని కోచింగ్‌కు తీసుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో రెండు గంటలు కూర్చునే తాతలు ప్రతి స్టేడియంలోనూ కనిపిస్తారు. ఆ కోర్టు చుట్టూ నడిస్తే వాళ్ల వారం కోటా అక్కడే తీరిపోతుంది.

పక్షవాతానికి మాత్రం గడువు చాలా చిన్నది. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం కనిపించిన దగ్గర నుంచి నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడాలి. అది ఇచ్చే ముందు స్కానింగ్ కావాలి కాబట్టి స్కానింగ్ లేని దగ్గరి క్లినిక్‌కు వెళ్లడం సమయం పోగొట్టుకోవడమే.

ఎవరి చేతుల మీదుగా

ఈ పనంతా ఇంట్లో ఎవరు చేస్తున్నారన్నదానికి లెక్కలున్నాయి. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో పాల్గొంటున్నారు, మగవారిలో 21.4 శాతం. పాల్గొన్నవారిలో కూడా ఆడవారు రోజుకు 140 నిమిషాలు, మగవారు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. తెలుగిళ్లల్లో ఇంకో మెలిక ఉంది. మగవారి వంతుకు వచ్చేవి పదిమందికీ కనిపించే పనులు, టోర్నమెంట్‌కు కారు నడపడం, ఆసుపత్రిలో బిల్లు కట్టడం లాంటివి. రోజూ చేసే పని, పరగడుపు బిళ్ల గుర్తుచేయడం, కిట్టులో నీళ్ల సీసా పెట్టడం, ఉప్పు తక్కువ కూర వేరే వండడం, కోడలి చేతుల్లోనో కూతురి చేతుల్లోనో ఉండిపోతుంది. కోడలికి తన సొంత తల్లిదండ్రులూ ఉంటారు, వాళ్లకూ వయసు మీదపడుతుంది. ఆ వైపు ప్రయాణాలు ఈ ఇంటి క్యాలెండర్‌లో చివర్లో చేరతాయి.

విదేశాల్లో ఉన్నవారి వంతు ఫోను. డాలస్‌కూ తెనాలికీ మధ్య తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. అక్కడి రాత్రి ఇక్కడి పొద్దు, అమ్మకు చెప్పుకునే తీరిక ఉన్నప్పుడు కొడుకు నిద్రలో ఉంటాడు. వీడియో కాల్‌లో అందరూ బాగానే కనిపిస్తారు. నడక తీరు, బట్టలు వదులవడం, వంటింట్లో మాడిన గిన్నె అందులో కనిపించవు. ఊళ్లో ఒకరి పేరు, ఒక డాక్టరు నంబరు, రిపోర్టుల ఫొటోలు ఉన్న ఒకే ఫోల్డరు రోజువారీ కాల్ కన్నా ఎక్కువ అక్కరకొస్తాయి. పెద్దవాళ్లు అమెరికా వెళ్లేటప్పుడు మందుల చీటీలో కంపెనీ పేర్లకు బదులు అసలు మందు పేర్లు రాయించుకోవాలి. మన బ్రాండ్లు అక్కడి షాపులకు తెలియవు. సందర్శకుల బీమాల్లో ఎక్కువ భాగం పాత జబ్బులకు పూర్తిగా వర్తించవన్నదీ టికెట్ కొనకముందే చూసుకోవలసిన సంగతి.

కాగితాలు

2024 అక్టోబరు నుంచి 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స వర్తిస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 చివర్లో 10 లక్షలకు పెంచింది. ప్రైవేటు బీమా కొనడానికి 65 ఏళ్లే గడువన్న నిబంధనను 2024లో నియంత్రణ సంస్థ ఎత్తేసింది, పాత జబ్బులకు ఎదురుచూడవలసిన కాలాన్ని గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. అయితే ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. నెలనెలా బిళ్లలు, పరీక్షలు ఎక్కువగా ఇంటి జేబులోంచే పోతాయి. జన ఔషధి దుకాణాల్లో అవే మందులు చాలా తక్కువకు దొరుకుతాయి.

అన్నదమ్ముల మధ్య వంతులు కుదరనప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, చట్టంలో నెలకు 10 వేల రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే వీలుంది. 14567 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇదే చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతు మీద పిల్లలకు రాసిచ్చిన ఆస్తిని వాళ్లు చూడకపోతే ఆ పత్రాన్ని రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో చెప్పింది, 2025 జనవరిలో వచ్చిన మరో తీర్పులో ఈ సెక్షన్‌ను పెద్దలకు మేలు కలిగేలా ఉదారంగా చూడాలంది. ఏ తీర్పు తమకు వర్తిస్తుందో తేల్చుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఆ వయసులో ఉండదు. దానపత్రం రిజిస్ట్రేషన్‌కు వెళ్లే ముందే, జీవితాంతం చూసుకోవాలన్న వాక్యాన్ని దస్తావేజు లేఖరి చేత అందులో రాయించుకోవాలి.